ఆపరేషన్ తర్వాతి వారాల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల మెదడులో చీముగడ్డల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పిల్లల న్యూరోసర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక సవరణ. నడుములోంచి నీరు తీసి ఈ జబ్బును నిర్ధారిస్తారని రాశారు. గడ్డ ఉందని అనుమానం ఉన్నప్పుడు ఆ పని చెయ్యరు. గడ్డ వల్ల తల లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది. అప్పుడు కింద నీరు తీస్తే మెదడు కిందికి జారి, ఊపిరిని నడిపించే భాగాన్ని నొక్కేస్తుంది. ప్రాణం పోవచ్చు. పైగా ఆ నీటిలో చాలాసార్లు క్రిమి దొరకదు కూడా. రంగుమందు ఎక్కించి సీటీ గానీ ఎమ్మారై గానీ తీయడమే దారి. దయచేసి ఈ ఒక్కటీ వచ్చే వారమే దిద్దండి.

ఇక నా ఫిర్యాదు. మీ వ్యాసం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే ఆగిపోయింది. తల్లిదండ్రులు నలిగిపోయేది ఆ తర్వాతే.

తల మొత్తం తెరుస్తారేమోనని చాలామంది భయపడతారు. ఎక్కువగా చేసేది పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, సూదితో చీము లాగి, ల్యాబుకి పంపడం. గడ్డ 2.5 సెంటీమీటర్లలోపు ఉండి పిల్లలు స్థిమితంగా ఉంటే, కొందరికి మందులతోనే సరిపెడతారు. చీము మళ్ళీ ఊరితే మళ్ళీ లాగాల్సి రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, మొదటి ఆపరేషన్ ఫెయిలైందని వార్డంతా చెప్పుకుంటారు.

తర్వాత యాంటీబయాటిక్స్. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, అవసరాన్ని బట్టి వ్యాంకోమైసిన్. మామూలుగా 6 నుంచి 8 వారాలు నరంలోకే ఎక్కిస్తారు. గొడవంతా ఇక్కడే. కొన్నాళ్ళకి జ్వరం తగ్గిపోతుంది. చేతికి కాన్యులాతోనే, అంటే మందెక్కించే సన్నగొట్టంతోనే, పిల్లాడు వరండాలో పరుగులు పెడుతుంటాడు. వాళ్ళ నాన్న వచ్చి, "బానే ఉన్నాడు కదా సిస్టర్, మాత్రలు రాసిచ్చి పంపెయ్యమనండి" అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. పని పోతోంది, ఇంకో పిల్ల ఎవరింట్లోనో ఉంది. కానీ గడ్డ చుట్టూ కట్టిన గోడ దాటి లోపలికి మందు సరిగా చేరదు. అందుకే అంత మోతాదు, అన్ని రోజులు. మాత్రలకి ఎప్పుడు మారాలో డాక్టరే తేల్చాలి, పిల్లాడి పరుగులు చూసి మనం కాదు.

పసిపిల్లల నరాలు త్వరగా వాచిపోతాయి. మాటిమాటికీ గుచ్చి ఏడిపించే బదులు, పైచేతి నుంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్ళే సన్నగొట్టం వేయొచ్చేమో మొదట్లోనే అడగండి. మేం దాన్ని పిక్ లైన్ అంటాం. మెట్రోనిడజోల్ వాడే పిల్లలు నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉందని తిండి మానేస్తారు. అరికాళ్ళు తిమ్మిర్లని ఎవరైనా చెబితే మాత్రం సాకు అనుకోవద్దు, ఆ మందు ఎక్కువకాలం వాడితే అలా రావచ్చు.

స్కాన్ల టెన్షన్ ఇంకొకటి. జబ్బు నయమయ్యాక కూడా గడ్డ ఉన్నచోట తెల్లటి వలయం నెలల తరబడి కనిపిస్తూ ఉండొచ్చు. రిపోర్టులో ఆ ముక్క చదివి తల్లులు కుప్పకూలిపోవడం చాలాసార్లు చూశాను. ఆ వలయం లోపలి చీము గది చిన్నదవుతోందా, పిల్లలు ఎలా ఉన్నారు అన్నది ముఖ్యం.

చీము ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకోకపోతే ఇదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఏళ్ళ తరబడి కారే చెవి, సైనస్, పుచ్చుపన్ను. పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి పెదాలు నీలంగా ఉండే పిల్లల్లో కొంత రక్తం ఊపిరితిత్తుల వడపోత తప్పించుకుని నేరుగా మెదడుకి వెళ్తుంది, క్రిములూ దాంతోపాటే. అలాంటి పాపకి పంటి డాక్టరు కూడా గుండె డాక్టరంత అవసరం. తల ఆపరేషన్ అయిందిగా, చెవిది తర్వాత చూద్దాంలే అని వాయిదా వేసే ఇళ్ళే ఎక్కువ.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. గ్లాస్గో సర్జన్ విలియం మెక్యూవెన్ 1876లో, స్కాన్లే లేని రోజుల్లో, ఒక పిల్లవాడి లక్షణాలు చూసి గడ్డ ఫలానా చోట ఉందన్నాడు. ఇంట్లోవాళ్ళు ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. పిల్లవాడు పోయాక చూస్తే సరిగ్గా అక్కడే ఉంది. 1893 నాటికి ఆయన ఆపరేషన్ చేసిన 19 మందిలో 18 మంది బతికారు, అదీ యాంటీబయాటిక్స్ లేకుండా! ఒప్పించే పని అప్పుడూ ఇప్పుడూ కష్టమే. కాబట్టి చేర్చుకున్న రోజే ఆసుపత్రులు ఒక కాగితం ఇవ్వాలి, ఇంట్లోవాళ్ళు చదవగల భాషలో. ఎన్ని వారాలు, ఎందుకు, మూలం ఎక్కడ, ఏం జరిగితే పరుగెత్తుకు రావాలి. పెరిగే తలనొప్పి, వాంతులు, మగత, ఫిట్స్, ఒకపక్క చెయ్యి కాలు బలహీనపడటం. ఉన్నట్టుండి తలనొప్పి భరించలేనంతగా వచ్చి మెడ బిగుసుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు, గడ్డ లోపలే పగిలి ఉండొచ్చు.

ఫిట్స్ మందు మాటా ఆ కాగితంలో ఉండాలి. డిశ్చార్జి అయ్యాక మొదట మానేసేది దాన్నే. ఎన్నాళ్ళు వాడాలో చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు