మన్ను తప్పు కాదు, గడ్డి తప్పు

నాన్నగారికి,

నమస్కారాలు. పోయిన ఆదివారం ఫోనులో మీరు టమాటా మొక్కల సంగతి అడిగితే "ఏదో వైరస్ తగిలింది" అని మాట దాటేశాను. అది వైరస్ కాదని అప్పటికే నాకు తెలుసు. చెప్పడానికి మొహం చెల్లలేదు. మడికి పశువుల ఎరువు వేయమని చెప్పింది మీరు. ఎంత మందాన పరచాలో చెప్పిందీ మీరే. "ఎరువు ఎక్కువైతే ఆకు బలుస్తుంది, కాపు ఆలస్యమవుతుంది, అంతేగాని మొక్క చెడదు" అని ధైర్యం చెప్పిందీ మీరే. ఆ మాట తప్పని నేను అనను. ఎరువు బాగా మాగి, పశువు తిన్న మేత మీద ఏ మందూ లేనంతవరకు అది చాలావరకు నిజమే. నా ఎరువు పుట్టిన మేత మీద కలుపు మందు ఉంది.

మీరు కూడా బయటినుంచి ట్రాక్టరు ఎరువు తెప్పిస్తున్నారని అమ్మ చెప్పింది. అది విన్నాక ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే కూర్చుని రాయడమే మేలనిపించింది. దయచేసి ట్రాక్టరు రాకముందే ఇది పూర్తిగా చదవండి.

జరిగింది ఇది. ఇక్కడ బ్రిటన్‌లో మా మడికి కాస్త దూరంలో ఒక గుర్రపుశాల ఉంది. గుర్రాల లద్దె, వాటి కింద పరిచిన గడ్డి కలిపి కుప్ప పోస్తారు, కావలసినవాళ్లు తోలుకుపోవచ్చు. చలికాలం ముందు పన్నెండు బస్తాలు తెచ్చాను. ఎరువు బాగుందో లేదో చూడటం మీరు నేర్పిందే కదా, అన్నీ చూశాను. నల్లగా మాగింది, వాసన లేదు, పిడికిట పడితే పొడిపొడిగా రాలింది. వానపాములు కూడా పుష్కలంగా ఉన్నాయి. ఇంతకంటే మంచి ఎరువు దొరకదని మురిసిపోయాను. వానపాములకు ఈ మందుతో పెద్ద ఇబ్బంది లేదని, అవి ఉన్నంత మాత్రాన ఎరువుకు యోగ్యతాపత్రం ఇచ్చినట్లు కాదని ఇప్పుడు తెలిసింది.

వసంతంలో టమాటా, బీన్స్, బఠానీ, బంగాళాదుంప పెట్టాను. ఒక చివర నాలుగు వరుసలు మొక్కజొన్న. జూన్ మొదటి వారం వరకు అన్నీ కళకళలాడాయి. తరువాత టమాటా తల తిరిగింది. నిజంగానే తిరిగింది నాన్నగారూ, కొన చిగురు మెలిపడి పిడికిలి బిగించినట్లు లోపలికి ముడుచుకుంది. కింది ఆకులు మామూలుగా, పచ్చగా, చక్కగా ఉన్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి ఆకూ అంచులు పైకి లేచి దొన్నెలా అయింది. ఆకు వెడల్పు తగ్గి సన్నని పీలికలా సాగింది, ఈనెలు దువ్వెన పళ్లలా ఒకదాని పక్కన ఒకటి బారులు తీరాయి. బంగాళాదుంప అయితే బంగాళాదుంపలానే లేదు, ఏదో అడవి ఫెర్న్ మొక్కలా ఉంది. బీన్స్ మూడో ఆకు దగ్గరే ఆగిపోయాయి.

నేను వెంటనే ఆకు ముడత తెగులు అనుకున్నాను. తెల్లదోమ ఉందేమోనని ఆకులు తిరగేసి చూశాను, ఒక్కటీ కనబడలేదు. అయినా వేపనూనె కొట్టాను. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని నాలుగు రోజులు ఆపాను, తక్కువయ్యాయేమోనని మళ్లీ పోశాను. బలం చాలలేదేమోనని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అదే ఎరువు ఇంకో బస్తా మొదళ్లలో వేశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

పక్క మడిలో ఒక పెద్దాయన ముప్పై ఏళ్లుగా కూరగాయలు పండిస్తున్నాడు. ఆయన వచ్చి మొక్కల్ని ముట్టుకోలేదు, వంగి కూడా చూడలేదు. మొక్కజొన్న వైపు చూశాడు. అది నిటారుగా, ముదురు ఆకుపచ్చగా, ఏమీ పట్టనట్లు నిలబడి ఉంది. "ఎరువు ఎక్కడిది?" అన్నాడు. అంతే.

గడ్డి జాతికి ఏమీ కాకుండా వెడల్పాటి ఆకుల మొక్కలు మాత్రమే మెలిపడ్డాయంటే వైరస్‌ను కాదు, కలుపు మందును అనుమానించాలని ఆయన చెప్పాడు. పచ్చిక మైదానాల్లో ముళ్ల మొక్కల్ని, వెడల్పు ఆకుల కలుపును చంపి గడ్డిని మాత్రం వదిలే మందులు కొన్ని ఉన్నాయి. అమైనోపైరలిడ్, క్లోపైరలిడ్, పిక్లోరామ్, ఈ మూడూ ఒకే కుటుంబం. మొక్కలో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోను ఉంటుంది కదా, ఇవి దానికి నకళ్లు. అసలు ఆక్సిన్‌ను మొక్క తన అవసరం మేరకు వాడుకుని తగ్గించుకుంటుంది. నకలును అలా తగ్గించుకోలేదు. దాంతో పెరగమనే ఆజ్ఞ ఆగకుండా వస్తూనే ఉంటుంది, మొక్క ఎటు పెరగాలో తెలియక తనను తానే మెలివేసుకుంటుంది. గడ్డి, మొక్కజొన్న లాంటివి మాత్రం ఈ మందును తట్టుకోగలవు.

పిచికారీ చేసినవాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఇక్కడ పచ్చికల్లో రాగ్‌వర్ట్ అని పసుపు పూల మొక్క ఒకటి ఉంది. అది ఎండుగడ్డిలో కలిసిపోతే గుర్రాల కాలేయం పాడవుతుంది. దాన్ని వదిలించుకోవాలనే తాపత్రయం అర్థం చేసుకోదగినదే. చిక్కు ఎక్కడంటే, ఈ మందు గడ్డిలో అలాగే నిలిచిపోతుంది. పశువు తింటే కడుపులో పెద్దగా విరగకుండా కొద్ది రోజుల్లోనే మూత్రంలో, పేడలో బయటికి వస్తుంది. పశువుకు ఏమీ కాదు. ఎరువు దిబ్బలో చేరాక కూడా త్వరగా పోదు. దాన్ని విరగగొట్టేవి మట్టిలోని సూక్ష్మజీవులు, వాటికి గాలి కావాలి. కుప్ప నడిమధ్యలో గాలి ఎక్కడిది? ఎండుగడ్డి మోపుల్లో, కప్పి ఉంచిన దిబ్బలో ఏడాది దాటినా మందు మిగిలిపోగలదు. "రెండేళ్లు మాగింది, ఇంక భయం లేదు" అనే మన లెక్క ఇక్కడ పనిచేయదు.

ఎంత ఉంటే నష్టమో వింటే మీరు నమ్మరు. బఠానీ, చిక్కుడు, టమాటా జాతులు వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలు ఉన్నా ముడుచుకుంటాయి. వంద కోట్లలో ఒక భాగమంటే వెయ్యి టన్నుల ఎరువులో ఒక్క గ్రాము. నేను ఆ అంకె చూసి కాగితం మీద రెండుసార్లు లెక్క కట్టుకున్నాను.

మరుసటి రోజు గుర్రపుశాలకు వెళ్లాను, గొడవ పడదామనే వెళ్లాను. ఆ నడిపే ఆవిడ మొహం చూశాక కోపం దిగిపోయింది. తన పచ్చికలో ఆమె ఏనాడూ మందు కొట్టలేదు, అది నిజం. పోయిన చలికాలం గడ్డి చాలక బయటినుంచి మోపులు కొన్నది. అమ్మినవాడు ఇంకెవరి దగ్గరో కొన్నాడు. ఆ ఇంకెవరో ఏం కొట్టారో వీళ్లిద్దరికీ తెలియదు. నేను ముందే వెళ్లి "మీరు కలుపు మందు వాడతారా?" అని అడిగి ఉన్నా ఆమె లేదనే చెప్పేది, నేను సంతోషంగా బస్తాలు మోసుకొచ్చేదాన్ని. అబద్ధం ఎవరూ ఆడలేదు, మడి మాత్రం పాడైంది.

ఇది నా ఒక్కదాని కథ కాదట. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇళ్ల ముందు కోసిన గడ్డితో చేసిన కంపోస్టులో క్లోపైరలిడ్ బయటపడి పెద్ద రచ్చ అయింది. 2002లో ఆ రాష్ట్రం ఇళ్ల పచ్చికల మీద ఆ మందు వాడకాన్ని ఆపేసింది. ఇక్కడ బ్రిటన్‌లో 2008 వేసవిలో ఊరూరా పెరటి తోటల్లో నా మడిలో జరిగిందే జరిగింది. అప్పుడు అమైనోపైరలిడ్ అమ్మకాలు నిలిపివేసి, మరుసటి ఏడాది షరతులు పెట్టి మళ్లీ అనుమతించారు. షరతు కాగితం మీద ఉంటుంది, గడ్డి మోపు మీద ఉండదు.

మీకు వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు: కాసినవి తినవచ్చా? మడిలో ఉండే ఆ కొద్దిపాటి మోతాదుతో మనుషుల ఆరోగ్యానికి ప్రమాదం లేదనే 2008లో ఇక్కడి అధికారులు చెప్పారు. దుంపలు కొన్ని వచ్చాయి, మేము తిన్నాం. టమాటా మాత్రం తినే ప్రశ్నే రాలేదు, కాయలు నిమ్మకాయంత కూడా ఎదగక మెలికలు తిరిగాయి.

ఇప్పుడు అసలు పని. ఎరువు మంచిదో కాదో చెప్పే పరీక్ష ఉంది, దానికి ప్రయోగశాల అక్కరలేదు. బీన్స్ గింజలు చాలు. నేను చేతులు కాలాక చేశాను, మీరు ముందే చేయండి. కుప్పలో ఒకచోట నుంచి కాదు, పైన, లోపల, అడుగున, నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి కలపండి. మందు కుప్పంతటా సమానంగా ఉండదు, ఒక మోపు మంచిదై పక్క మోపు చెడ్డదై ఉండవచ్చు. ఆ ఎరువు సగం, మీకు నమ్మకమున్న పాత మన్ను సగం కలిపి నాలుగు కుండీలు నింపండి. ఇంకో నాలుగింటిలో ఒట్టి మన్నే. ఒక్కోదానిలో మూడు గింజలు. ఒక కుండీ నుంచి కారిన నీరు ఇంకోదానిలోకి వెళ్లకుండా అడుగున విడివిడి పళ్లాలు పెట్టాలి. మొదట నేను అన్నీ ఒకే పళ్లెంలో పెట్టాను, మంచి కుండీలు కూడా ముడుచుకుని మొత్తం పరీక్ష మళ్లీ చేయాల్సి వచ్చింది.

మొలిచాక తొందరపడకండి. మొదటి జత ఆకులు చూసి బాగుందనుకోవద్దు. ఆ తరువాత వచ్చే మూడేసి రేకుల ఆకులు రెండు మూడు విప్పుకునేదాకా, అంటే మూడు వారాల పాటు ఆగాలి. ఒట్టి మన్నులోవి బాగుండి ఎరువులోవి దొన్నెలైతే ఆ ఎరువు కూరగాయలకు పనికిరాదు. రెండూ ముడుచుకుంటే కారణం వేరే ఏదో ఉంది. రెండూ బాగుంటే నిశ్చింతగా వేసుకోండి.

ఎరువు ఇచ్చే ఆయనను కూడా అడగండి, కాని నేను ఆలస్యంగా తెలుసుకున్న ప్రశ్న అడగండి. "మీరు మందు కొట్టారా" కాదు, "పశువులు తిన్న మేత ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది" అని. పశువుల కింద పరిచిన గడ్డి గురించి కూడా అడగండి. మొక్కల మొదళ్లలో కప్పడానికి తెచ్చే ఎండుగడ్డికీ ఇదే ప్రశ్న. అది పశువు కడుపులోకి వెళ్లకుండానే నేరుగా మడిలోకి వస్తుంది మరి. అమెరికాలో అమైనోపైరలిడ్ మందుతో వచ్చే సూచనల కాగితంలో, మందు కొట్టిన పచ్చికలో మేసిన పశువులను వెడల్పు ఆకుల పంట ఉన్న నేలకు తోలే ముందు మూడు రోజులు శుభ్రమైన మేత పెట్టాలని రాసి ఉంటుంది. అది చదివేది మందు కొన్నవాడు. ఎరువు కొన్నవాడి చేతికి ఆ కాగితం ఎప్పటికీ రాదు.

నా మడి సంగతి కూడా చెబుతాను, లేకపోతే అమ్మ దిగులు పడుతుంది. చెడిన మొక్కలన్నీ పీకేశాను. వాటిని కంపోస్టు గుంతలో వేయలేదు, వేస్తే మళ్లీ అదే తిరిగి వస్తుంది. మిగిలిన మూడు బస్తాలు మేము నడిచే గడ్డి బాట మీద పలచగా చల్లాను, గడ్డికి అది మేలే. మడిని మాత్రం రెండు వారాలకోసారి గడ్డపారతో తిరగేస్తున్నాను. గాలి తగలాలి, తేమ ఉండాలి, వేడి ఉండాలి, అప్పుడే సూక్ష్మజీవులు పని చేస్తాయి. లోతుగా పాతిపెడితే పోతుందనుకున్నాను గాని, లోతున గాలి ఆడక మందు అలాగే ఉంటుందని పెద్దాయన వారించాడు. వచ్చే ఏడాది అక్కడ మొక్కజొన్న తప్ప ఇంకేమీ పెట్టను. దాని కాడలు కూడా మడిలో వదలను.

తిరగేసిన మట్టితో మళ్లీ కుండీలు పెట్టి, నిన్న చూశాను. నాలుగింటిలో రెండు చక్కగా వచ్చాయి, రెండింటిలో కొన ఇంకా కొంచెం వంగుతోంది. మొదట్లో నాలుగూ వంగాయి. ఫొటోలు తమ్ముడి ఫోనుకు పంపాను, కళ్లజోడు పెట్టుకుని చూడండి, ఎడమవైపు వరుస ఎరువు పడిన మట్టిది.

ట్రాక్టరు అతనితో మూడు వారాలు ఆగమని చెప్పండి. ముందు ఒక్క బస్తా మాత్రం తెప్పించుకోండి. గింజలు అమ్మ డబ్బాలో ఉంటాయి. పళ్లాలు మాత్రం ఎనిమిది, విడివిడిగా.

మీ అమ్మాయి