కనబడని పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లోనూ, అటు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపూ పాత సిస్టంలను విండోస్ 11కు మార్చుకునే పని ఇంకా సాగుతూనే ఉంది. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్, ఎంసీఏ విద్యార్థుల సిస్టంలలో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్) కూడా ఉండటం మామూలే. అప్‌గ్రేడ్ అయ్యాక ఆన్ చేస్తే ఉబుంటు మెనూ రాదు, నేరుగా విండోస్ తెరుచుకుంటుంది. షాపుకు తీసుకెళ్తే ‘లినక్స్ పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేద్దాం’ అంటారు. ఆ ఒక్క మాటతో ఏడాది ప్రాజెక్టు పోతుంది. నిజానికి ఆ మాట అనే సమయానికి చాలా సిస్టంలలో డేటా డిస్కు మీద చెక్కుచెదరకుండానే ఉంటుంది. ఈ సంగతి మీ పత్రిక ద్వారా విద్యార్థులకూ, రిపేరు చేసేవారికీ వివరంగా చేరాలని ఈ ఉత్తరం.

పహాణీలో సర్వే నంబరు ఎగిరిపోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. డిస్కును ఏ భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టారో చెప్పే పార్టిషన్ టేబుల్ కూడా అలాంటి రికార్డే. పాత ఎంబీఆర్ పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లలో కేవలం 64 బైట్లు ఆ రికార్డు. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు. కొత్త జీపీటీ పద్ధతిలో డిస్కు మొదట్లో ఒక ప్రతి, చివర్లో మరో ప్రతి ఉంటాయి. ఆ రికార్డు చెరిగిపోతే వందల జీబీల డేటా కనబడకుండా పోతుంది గానీ, ఆ స్థలంలో ఇంకేదైనా రాసేదాకా చెరిగిపోదు.

కాబట్టి ముందు తేల్చాల్సింది ఒక్కటే: పోయింది బూట్ దారా (ఆన్ చేయగానే ఓఎస్‌ను చేరే దారి), పార్టిషన్ రికార్డా? విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవ్ అక్షరం లేకుండా, ఫైల్ సిస్టం పేరు లేకుండా ‘హెల్దీ, ప్రైమరీ పార్టిషన్’ (లేదా ‘లాజికల్ డ్రైవ్’) అని ఉబుంటుకు ఇచ్చినంత సైజులో ఒక గడి కనిపిస్తే పార్టిషన్ ఉన్నట్టే, బూట్ దారి మాత్రమే మారింది. అదే స్థలం నల్ల గీతతో ‘అన్‌అలొకేటెడ్’ అని ఉంటే రికార్డు పోయినట్టు. చూసి మూసేయండి, అక్కడ ఏదీ నొక్కొద్దు. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం విండోస్‌కు అర్థం కాదు. ఆ పార్టిషన్‌కు పొరపాటున డ్రైవ్ అక్షరం వచ్చిందా, ‘వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టాలి. ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని అడిగినా అంతే. ఒప్పుకుంటే ఖాళీ టేబుల్ ఒకటి కొత్తగా రాసేస్తుంది.

దారి మాత్రమే మారితే పని సులువు. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఏర్పాటు) సిస్టంలలో ఏ ఓఎస్ ముందు రావాలన్నది మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. విండోస్ అప్‌గ్రేడ్ తన బూట్ మేనేజర్‌ను అందులో మొదటికి తెచ్చుకుంటుంది. ఆన్ చేయగానే డెల్, లెనోవో, ఏసర్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్ అయితే ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. (ఏసర్‌లో కొన్నిసార్లు ముందుగా బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 మెనూను ఎనేబుల్ చేయాలి.) అందులో ‘ఉబుంటు’ ఉంటే దాన్ని ఎంచుకొని లోపలికి వెళ్లి, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో వరస మార్చుకుంటే సరిపోతుంది. ఉబుంటు పేరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) బూట్ చేసి, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని ఉబుంటు ఫోల్డర్‌లో ఉన్న షిమ్‌ఎక్స్64 ఫైల్‌కు అదే కమాండ్‌తో కొత్త ఎంట్రీ వేయాలి.

దారి మారకపోయినా తలుపు మూసుకుపోయే సందర్భం ఒకటుంది. ‘ఎస్‌బీఏటీ సెల్ఫ్‌చెక్ ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని చూపి సిస్టం ఆగిపోతుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత గ్రబ్‌ను (ఉబుంటు బూట్ మెనూ చూపే ప్రోగ్రాం) ఎస్‌బీఏటీ అనే నిషేధిత జాబితాలో చేర్చడం వల్ల ఇది మొదలైంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న బూట్ ఫైళ్లనే అనుమతించే సెట్టింగ్) ఆపి, ఉబుంటులోకి వెళ్లి, మోక్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌బీఏటీ పాలసీని ‘డిలీట్’కు పెట్టి రీబూట్ చేయాలి. ఉబుంటును అప్‌డేట్ చేశాక సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆన్ చేయొచ్చు. అయితే సెక్యూర్ బూట్‌ను ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్కును తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) సంగతి చూసుకోవాలి. విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనం అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అప్పుడు బయోస్ సెట్టింగ్ మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ముందే కాగితం మీద రాసుకోకపోతే ఉబుంటు కోసం వెళ్లి విండోస్‌నూ పోగొట్టుకుంటారు.

ఇక రికార్డే పోయిన కేసులు. ఉత్తర తెలంగాణలో ఇంకా నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌లలో దీనికి ముఖ్య కారణం ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చడం. విండోస్ 11 యూఈఎఫ్‌ఐ అడుగుతుంది, యూఈఎఫ్‌ఐలో బూట్ కావాలంటే జీపీటీ కావాలి. డేటా పోకుండా మార్చడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. కానీ డిస్కులో మూడు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఉన్నా, ఎక్స్‌టెండెడ్, దాని లోపల పెట్టుకునే లాజికల్ పార్టిషన్లు ఉన్నా అది ఒప్పుకోదు. విండోస్ గుర్తించని రకం పార్టిషన్ ఉన్నా, ప్రత్యేకంగా ‘మ్యాప్’ ఆప్షన్ ఇవ్వకపోతే ఆగిపోతుంది. ఎంబీఆర్ డిస్కుల్లో ఉబుంటు చాలాసార్లు లాజికల్ పార్టిషన్‌లోనే ఉంటుంది. టూల్ మొరాయించడంతో విసిగి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను డిలీట్ చేయడమో, విండోస్ కమాండ్ టూల్ డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ కొట్టడమో జరుగుతోంది. ఉబుంటు మాయమయ్యేది అక్కడే. ఇందులోనూ ఆశ ఉంది: ‘క్లీన్’ చెరిపేది టేబుల్ ఉండే భాగాన్నే. ‘క్లీన్ ఆల్’ మాత్రం డిస్కంతా సున్నాలతో నింపుతుంది, దాని తర్వాత చేయగలిగింది ఏమీ లేదు.

రికార్డు పోయిందని తేలగానే సిస్టం ఆపేయాలి. విండోస్ నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీల విషయంలో జాగ్రత్త: విండోస్‌లో ఫార్మాట్ కొడితే ‘ట్రిమ్’ ఆదేశం వెళ్తుంది, ఆ గడులు ఇక ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి తెలిసిపోతుంది. క్విక్ ఫార్మాట్ అయినా సరే, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ చదివినా సున్నాలే వస్తాయి. తిరిగే హార్డ్‌డిస్కులో క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా కొంత దొరికేది, ఎస్‌ఎస్‌డీలో ఆ అవకాశం దాదాపు లేదు. ‘ఫార్మాట్ చేసి చూద్దాం’ అనే పాత అలవాటు ఇప్పుడు ఇంత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

కావాల్సిన సామాను తక్కువే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో సిస్టంరెస్క్యూ అనే ఉచిత లైవ్ సీడీ ఇమేజ్‌ను వేరే కంప్యూటర్ మీద రూఫస్ అనే టూల్‌తో ఎక్కించుకోవాలి. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్, జీపీటీ టేబుల్ దిద్దే జీడిస్క్, డిస్కు నకలు తీసే డీడీరెస్క్యూ మూడూ అందులో సిద్ధంగా ఉంటాయి. రెండోది, పాడైన డిస్కు కంటే పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు. దాని మీద ఫ్యాట్32 ఉంటే పనికిరాదు, 4 జీబీ దాటిన ఫైలును అది పట్టలేదు; ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ ఉండాలి. ఏ మరమ్మతుకైనా ముందు డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా (ఒకే ఫైలులో నకలుగా) తీసుకోవాలి. 500 జీబీ హార్డ్‌డిస్కుకు యూఎస్‌బీ 3 పోర్టులో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, యూఎస్‌బీ 2లో నాలుగు గంటల పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మొదటికి రాకుండా మ్యాప్ ఫైల్ పేరు కూడా కమాండ్‌లో ఇవ్వాలి; ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. సోర్స్ ఏది, డెస్టినేషన్ ఏది అన్నది డిస్కు మోడల్, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది.

ఇమేజ్ చేతికొచ్చాక, జీపీటీ డిస్కు అయితే ముందు జీడిస్క్‌తో చూడండి. మొదటి టేబుల్ పాడై చివరి ప్రతి బాగుందని అది చెబితే, ‘ఆర్’ నొక్కి రికవరీ మెనూలోకి వెళ్లి, ‘బి’తో బ్యాకప్ హెడర్, ‘సి’తో బ్యాకప్ టేబుల్ తెచ్చుకుని, ‘పి’తో జాబితా చూసి, సరిగ్గా ఉంటేనే ‘డబ్ల్యూ’ నొక్కాలి. అయిదు నిమిషాల పని. విండోస్ రెండు ప్రతులనూ కొత్తగా రాసేసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు.

అప్పుడు టెస్ట్‌డిస్క్. డిస్కును ఎంచుకున్నాక టేబుల్ రకం అడుగుతుంది. ఒకప్పుడు ఎలా ఉండేదన్నది కాదు, ఇప్పుడు డిస్కు మీద ఏ రకం ఉందో అదే ఇవ్వాలి: జీపీటీ అయితే ‘ఈఎఫ్‌ఐ జీపీటీ’, ఎంబీఆర్ అయితే ‘ఇంటెల్’. తర్వాత ‘ఎనలైజ్’, ‘క్విక్ సెర్చ్’. దొరికిన ఒక్కో పార్టిషన్ మీద నిలబడి ‘పి’ నొక్కితే లోపలి ఫైళ్ల జాబితా వస్తుంది. హోమ్, ఈటీసీ, వార్ ఫోల్డర్లు కనబడ్డాయంటే అదే మీ ఉబుంటు. ఈ దశలోనే ముఖ్యమైన ఫోల్డర్లను కోలన్ కీతో గుర్తుపెట్టి, పెద్ద ‘సీ’ నొక్కి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. టేబుల్ రాయకముందే డేటా చేతిలో ఉంటే మిగతా పని నిశ్చింతగా సాగుతుంది.

క్విక్ సెర్చ్‌లో దొరక్కపోతే ‘డీపర్ సెర్చ్’. ఇది డిస్కు సైజును బట్టి గంటలు పడుతుంది. పైగా ఎప్పుడో చెరిపేసిన పాత పార్టిషన్లనూ లేపుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కేవి ఉంటే ‘స్ట్రక్చర్ బ్యాడ్’ అని చూపిస్తుంది. బాణం కీలతో అక్కర్లేని వాటిని ‘డీ’గా, నిజమైన వాటిని ‘పీ’గా, ఎంబీఆర్‌లో లాజికల్ అయితే ‘ఎల్’గా మార్చాలి. ఏది నిజమో ఫైళ్ల జాబితా చూసే తేల్చాలి, సైజు చూసి ఊహించొద్దు. విండోస్ పార్టిషన్లు, ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా జాబితాలో ఉన్నాయో లేదో చూశాకే ‘రైట్’ నొక్కాలి. ఉబుంటును తెచ్చే తొందరలో విండోస్‌ను వదిలేసి రాసినవాళ్లున్నారు.

రీబూట్ తర్వాత ఫైల్ సిస్టంను తనిఖీ చేసే ఈటూఎఫ్‌ఎస్‌సీకేను ముందు ‘ఎన్’ ఆప్షన్‌తో, అంటే చూడటమే తప్ప దిద్దకుండా నడపండి. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టం వివరాలుండే బ్లాకు) పాడైందంటే భయం లేదు. 4 కేబీ బ్లాకులున్న ఈఎక్స్‌టీ4లో దాని నకలు 32768వ బ్లాకులో, అంటే మొదటి నుంచి 128 ఎంబీ దూరంలో ఉంటుంది. ఆ నంబరు ఇచ్చి నడిపితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

బూట్‌లో ‘గ్రబ్ రెస్క్యూ’ అని నల్ల తెర వస్తే చాలాసార్లు పార్టిషన్ నంబరు మారిందని అర్థం. అప్‌గ్రేడ్ సమయంలో విండోస్ కొన్నిసార్లు కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్ ఒకటి కొత్తగా చేసుకుంటుంది, దాంతో 5 ఉన్నది 6 కావచ్చు. ఎల్‌ఎస్ కొట్టి ఒక్కో పార్టిషన్‌లో బూట్, గ్రబ్ ఫోల్డర్లు ఎందులో ఉన్నాయో వెతికి, రూట్, ప్రిఫిక్స్ రెండూ దానికి సెట్ చేసి, ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ‘నార్మల్’ అంటే మెనూ వస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్ గ్రబ్ చేయకపోతే మళ్లీ అదే తెర. డిస్కు జీపీటీకి మారి ఉంటే పాత బయోస్ గ్రబ్ పనికిరాదు; లైవ్ పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే బూట్ చేసి, సీహెచ్‌రూట్ ద్వారా (అక్కడి నుంచే డిస్కులోని ఉబుంటులోకి వెళ్లి) ఈఎఫ్‌ఐ గ్రబ్ వేసి, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో తెరవాల్సిన పార్టిషన్ల జాబితా ఫైలు) ఈఎఫ్‌ఐ పార్టిషన్ వరసను చేర్చాలి. స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది) తిరిగి రాకపోతే దాని వరస ఎఫ్‌స్టాబ్‌లోంచి తీసేయండి, లేకుంటే ప్రతి బూట్‌లో 90 సెకన్లు దానికోసం ఎదురుచూస్తుంది.

ఇదే గొడవ తిరగబడీ వస్తుంది. ఉబుంటును కొత్త వెర్షన్‌కు మార్చాక మెనూలో విండోస్ కనబడదు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది. డిఫాల్ట్ గ్రబ్ ఫైలులో దాన్ని డిసేబుల్ చేసే వరసకు ‘ఫాల్స్’ పెట్టి అప్‌డేట్ గ్రబ్ చేస్తే విండోస్ వచ్చేస్తుంది. దీనికోసం విండోస్ మళ్లీ వేయించుకుని డీటీపీ ఫాంట్లు, లైసెన్సులు పోగొట్టుకోవడం అన్యాయం.

అప్‌గ్రేడ్‌కు ఇంకా వెళ్లనివారికి ఒక మాట. ఉబుంటులో ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో జీపీటీ టేబుల్‌ను ఫైలుగా దాచుకోవచ్చు, సైజు 18 కేబీ లోపే. ఎంబీఆర్ అయితే ఎస్‌ఎఫ్‌డిస్క్ డంప్ తీస్తే మామూలు టెక్స్ట్ ఫైలు వస్తుంది. దాన్ని మెయిల్ చేసుకుంటే చాలు, రికార్డు పోయినా రెండు నిమిషాల్లో తిరిగి రాసుకోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. లేకపోతే షట్‌డౌన్ చేసినా సగం నిద్రలోనే ఉంటుంది, లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడానికి వీలుపడదు.

రిపేరు షాపుల వారికి మా విన్నపం: సిస్టం తీసుకున్నప్పుడు రాసే రసీదులోనే ‘రెండు ఓఎస్‌లు ఉన్నాయా, డేటా కావాలా’ అని రెండు గడులు అచ్చు వేయించండి. డేటా కావాలన్న సిస్టంకు ఇమేజ్ తీయకుండా ఫార్మాట్ చేయబోమని కౌంటరు దగ్గర రాసి పెట్టండి. ఇమేజ్‌కు పట్టే సమయానికి విడిగా చార్జీ తీసుకోండి. విద్యార్థులు కూడా బేరమాడకుండా ఇవ్వాలి.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్లు,
హన్మకొండ