అమ్ములుకి, ఎండల గురించి

అమ్ములూ,

ఎలా ఉన్నావు తల్లీ? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎండల గురించి రాద్దామని కూర్చున్నాను, వేరే విశేషమేమీ లేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపించి ఊరుకుంటావు, ఈమధ్య అదీ లేదు, అందుకని మెయిల్. ఆఫీసు టైములో చదవకు. పొద్దున పూట ఎప్పుడైనా తీరిక దొరికితే చదువు, తీరిక అంటే టీ బ్రేక్ అని నా ఉద్దేశం.

కత్తిరి మొదలైంది. మే 4 నుంచి 28 దాకా తమిళవాళ్ల అగ్నినక్షత్రం, అది పూర్తిగా వెళ్లకముందే మన రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టడానికి దిగుతుంది. చెన్నైలో ఉంటున్నందుకు రెండు పంచాంగాల ఎండలూ మనవే. పొద్దున తొమ్మిది దాటితే పడమటి గాలి పొయ్యి దగ్గర నిలబడ్డట్టు కొడుతుంది. సముద్రం గాలి మెరీనాలో మధ్యాహ్నానికి తిరిగినా మన విల్లివాక్కం చేరేసరికి ఆలస్యమవుతుంది, పడమటి గాలి మొండికేసిన రోజు సాయంత్రం దాకా రానే రాదు. 40 దాటేది ఆ రోజుల్లోనే. 2003 మే 31న 45 కొట్టింది గుర్తుందా, క్వార్టర్స్‌లో తడిపిన గచ్చు మీద పడుకుని అన్నానికి కూడా లేవనన్నావు. పోనీ సముద్రం గాలి వచ్చాక సుఖమా అంటే అప్పుడు చెమట ఆరదు. గాలిలోనే అంత తడి ఉంటే ఒంటి మీద తడి ఎక్కడికి పోతుంది?

మొన్న బుజ్జత్త ఫోన్ చేసింది. కాళ్ల నొప్పులు, పనిమనిషి, మామూలే. మధ్యలో వాళ్ల కిట్టు సంగతి వచ్చింది. వాడేదో పని మీద మీ బెంగళూరు కబ్బన్ పార్కు లోంచి వెళుతుంటే ఆ ఎర్ర లైబ్రరీ బిల్డింగ్ దగ్గర బెంచీ మీద నువ్వు కూర్చుని కనిపించావట. గురువారం, పొద్దున పదకొండింటికి. మెడలో ఆఫీసు కార్డు కూడా లేదట. కిట్టు చూపు సంగతి నీకు తెలుసుగా, చిన్నప్పుడు మనింటికొచ్చి ఎదురు ఫ్లాట్‌లోకి వెళ్లి కాళ్లు కడుక్కున్నవాడు. కాబట్టి నేను పట్టించుకోలేదు. మీ అమ్మే కాస్త టెన్షన్ పడుతోంది. నువ్వు ఫోన్ ఎత్తకపోయేసరికి ఇంకాస్త.

అది వదిలెయ్. ఈ ఏడు టెర్రస్ మీద తెల్ల పెయింట్ వేయించాం. ఎండని వెనక్కి కొట్టేస్తుంది, రాత్రి పడగ్గదిలో స్లాబు మునుపటంత సెగ కక్కడం లేదు. పై అంతస్తు ఎందుకు కొన్నామని ఏటా ఏప్రిల్‌లో జరిగే గొడవ ఈసారి లేదు. కుండ నిండా నీళ్లు, అందులో వట్టివేళ్ల మూట. పొద్దున మజ్జిగ, సాయంత్రం ముంజలు. మా వయసులో దాహం సరిగ్గా తెలియదట, తెలిసేదాకా ఆగకూడదని డాక్టర్ చెప్పాడు. నా బీపీ మాత్ర నీళ్లు లాగేసే రకం, అందుకని కళ్లు తిరిగినట్టుంటే ఉన్నపళంగా ఫోన్ చెయ్యమన్నాడు. నువ్వు కంగారు పడకు, ఒక్కసారి తిరిగాయి అంతే, తగ్గిపోయింది. నువ్వు మాత్రం బయటికెళ్లేటప్పుడు సీసా పెట్టుకో. లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి, గోపురం కట్టకూడదు. మీ ఊరు చల్లన అనుకోకు, 2024లో బోర్లు ఎండిపోయి మీరు ట్యాంకర్ కోసం కాచుకున్నారు కదా. పార్కులో చెట్టు నీడ అని కూర్చున్నా వడదెబ్బ తగలదని గ్యారంటీ లేదు.

నా పని గురించి అడగలేదు నువ్వు. చెబుతాను. రిటైరయ్యాక కొన్నాళ్లు నేనెలా ఉన్నానో చూశావు. షిఫ్టు టైముకి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్లో పేపరు ముందు కూర్చోవడం. ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి మీ అమ్మకి పోపు ఎలా వేయాలో చెప్పడం. ఉద్యోగం లేని పొద్దు ఎంత పొడుగో ఎవరూ ముందు చెప్పరు. డబ్బు బెంగ కాదు అది, పదకొండింటికి మన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వయసులో ఉన్నవాళ్లకైనా అంతే అనుకుంటాను. ఎవరికైనా అని, నీకని కాదు.

అప్పుడే రాహుకేతు పూజకని మీ అమ్మ కాళహస్తి లాక్కెళ్లింది. ఆ పూజ ఎవరి పెళ్లి కోసమో ఇప్పుడు వద్దు. తిరిగొస్తూ ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన గుడ్డ మీద కలంకారీ బొమ్మ గీస్తుంటే నిలబడిపోయాను. పుల్లకి ఉన్ని చుట్టి దారం కట్టిన కలం, ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది, నొక్కుడు తగ్గితే గీత సన్నబడుతుంది. నేను ఐసీఎఫ్ రైలు బోగీల ఫ్యాక్టరీలో జీవితమంతా గీసింది ట్రేసింగ్ కాగితం మీద, బోగీ అండర్‌ఫ్రేము గీత ఎక్కడైనా ఒకే లావు ఉండాలి, తప్పొస్తే సగం బ్లేడుతో గీకేస్తాం. ఇక్కడ గీకితే గుడ్డ చిరుగుతుంది. ఆ పెద్దాయన నా చేత గీయించి, చూసి, "గీత బాగుంది సార్, ప్రాణం లేదు" అన్నాడు. కోపం వచ్చింది. మళ్లీ వెళ్లాను.

ఇప్పుడు ఆ నల్లరంగు కథ చెప్పాలి, కసీం అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి మూతకట్టి మూడు వారాలు నానబెడతారు. ఎండాకాలం ఇంకా తొందరగా పులుస్తుంది. ఇనుముకని ఇల్లంతా వెతికాను. పాత తలుపు బందులు, మేకులు, చెవి ఊడిన అట్లపెనం. పెనం విషయం మీ అమ్మ దగ్గర ఎత్తకు. కుండ తెచ్చి నీళ్ల ట్యాంకు పక్కన నీడలో పెట్టి గుడ్డ కట్టాను. నాలుగైదు రోజులకే వాసన మొదలైంది, మామూలు వాసన కాదు, మెట్ల మీదకి వస్తోంది. వాచ్‌మన్ పసిగట్టాడు. వాడు నన్ను అడగకుండా సెక్రటరీకి చెప్పాడు, బ్లాకులో ఎవరో బెల్లం పులియబెడుతున్నారని. కళ్లకురిచ్చిలో సారా తాగి అంతమంది చచ్చిపోయిన వార్త ఇంకా జనం నోళ్లలో ఉంది, బెల్లం పులుపు అంటే ఎవరికైనా మొదట తోచేది అదే కదా. ఆదివారం పొద్దున నేను బనీను మీద, నెత్తిన తడి తువ్వాలుతో కుండలో కర్ర పెట్టి తిప్పుతున్నాను, సెక్రటరీ, ట్రెజరర్, వెనకాల వాచ్‌మన్, వాళ్ల వెనకాల మూడో అంతస్తు మామి, ఊరేగింపుగా వచ్చారు. "ఇదు ఎన్న సార్?" రంగు అన్నాను. రంగుకి బెల్లం ఎందుకన్నాడు ట్రెజరర్, ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, లెక్క తేలందే వదలడు. బెల్లం నీళ్లు పులిసి ఇనుముని కరిగిస్తాయని చెప్పాను. పోలీసుల మాట సెక్రటరీ నోట్లోంచి అప్పుడే వచ్చింది.

సరే చూడండని కిందకి వెళ్లి కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డముక్క తెచ్చాను. కరక్కాయ వగరు ఇనుముని పట్టి నలుపు చేస్తుంది, పాలలో వెన్న రంగుని పాకనివ్వదు. ఇదంతా నేను తమిళంలో చెబుతున్నాను, నా తమిళం ఫ్యాక్టరీ తమిళం, మామి నవ్వుతోంది. కలం ముంచి నెమలి మెడ గీశాను. కుండ ఇంకా పండలేదు కదా, గీత పాలిపోయిన బూడిద రంగులో వచ్చింది. నలుగురూ వంగి చూశారు, ఎవరూ మాట్లాడలేదు. వాచ్‌మన్ మొహంలో మాత్రం కేసు గెలిచిన సంతోషం. ఇంతలో మీ అమ్మ కాఫీలు పట్టుకుని పైకొచ్చింది, ఆ పెనం అంచు కుండలోంచి పైకి కనిపించేసరికి అక్కడే నన్ను తగులుకుంది, తెలుగులో. వాళ్లకి ముక్క అర్థం కాకపోయినా ఇంత తిట్లు తినేవాడు సారా కాయలేడని నమ్మకం కుదిరినట్టుంది. కాఫీలు అయ్యేసరికి ఎండకీ గాలికీ గీత నల్లబడింది. ట్రెజరర్ వేలితో రాసి చూసుకున్నాడు, అంటలేదు. ఇప్పుడు మామి, సెక్రటరీ భార్య ఇద్దరూ నా దగ్గర నేర్చుకుంటున్నారు. మామి గీతలో ప్రాణం ఉంది. నాకు చెప్పడం ఇష్టం లేదు కానీ ఉంది.

ఎండాకాలం ఈ పనికి చెడ్డది కాదు. పాలు పట్టించిన గుడ్డ పడమటి గాలి ఉండగానే, సముద్రం గాలి తిరగకముందే ఆరబెట్టాలి, తడిగాలిలో సరిగ్గా ఆరక గీత పాకుతుంది. నాలుగింటికి లేస్తాను. ఎనిమిది దాకా గీత. ఫ్యాన్ వేస్తే గుడ్డ లేస్తుంది, వేయకపోతే నుదుటి చెమట గుడ్డ మీద పడుతుంది, అందుకే తువ్వాలు. పదింటి తరువాత బుర్ర పనిచేయదు, దాన్ని ఒప్పుకుని పడుకోవడమే, మధ్యాహ్నం కష్టపడి గీసినవన్నీ మర్నాడు మసిగుడ్డలే. ఎరుపు మాత్రం ఈ వేసవికి లేదు. పటిక రాసి, రంగునిచ్చే వేరు వేసి ఉడకబెట్టాలి, ఆ తరువాత పారే నీళ్లలో జాడించాలి. మే నెలలో వంటింట్లో గంగాళం పెడితే పుట్టింటికి పోతానంది మీ అమ్మ. నీళ్లు కూడా లేవు. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చి మన విల్లివాక్కంలో దింపారు, ఒక్కో బండికి 25 లక్షల లీటర్లు, నేనూ వెళ్లి చూశాను. అది చూసినవాడు పంపు తిప్పి గుడ్డలు జాడించలేడు. వానలు పడ్డాక చూద్దాం. అప్పటిదాకా నలుపు, కరక్కాయ పసుపు, చాలు.

ఇంతకీ నీ ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తున్నారా? పేపర్లో కంపెనీల వార్తలు చదివి అడుగుతున్నాను. ఊరికే జనరల్ నాలెడ్జ్ కోసం చెబుతాను, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది, ఎవరైనా సరే సొంతంగా ఒకటి తీసుకుని పెట్టుకోవాలి. పీఎఫ్ ముట్టుకోకూడదు. అయిదేళ్లు నిండకుండా తీస్తే టాక్స్ పడుతుంది, పడకపోయినా ముట్టుకోకూడదు. మనిషి రోజూ ఒకే టైముకి లేవాలి, స్నానం చేసి తినాలి, ఫోన్ ఎత్తాలి. ముఖ్యంగా ఫోన్ ఎత్తాలి. క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టే పిచ్చిపని చేయకూడదు. ఎవరైనా అద్దెకి ఇబ్బంది పడుతుంటే ఆ ఎవరైనా వాళ్ల నాన్నకి చెప్పాలి, మే నెలలో నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీరుతుంది, దాంతో నాకు పనిలేదు, మీ అమ్మ ఏసీ అంటోంది కానీ తెల్ల పెయింట్ ఉండగా ఏసీ ఎందుకు.

నేను లెక్చర్ ఇవ్వను, నీకు నచ్చదని తెలుసు. బుజ్జత్తకి మాత్రం గట్టిగా చెప్పాను, మా అమ్ములు గురువారం సెలవు పెట్టుకుంటే కిట్టుకేమిటి బాధ అని. సెలవేనా? మీ అమ్మ పక్కనుంచి అడుగుతోంది. పార్కులో ఒళ్లో ఏదో పుస్తకం పెట్టుకుని గీస్తున్నావని కూడా అన్నాడట వాడు. అది నిజమైతే ఏం గీస్తున్నావో రాయి. పెన్సిలా, ఇంకా? ఎనిమిదో క్లాసులో నా రోట్రింగ్ డ్రాయింగ్ పెన్నులు ఎత్తుకెళ్లి గుర్రాలు గీసేదానివి, డొక్కలు బాగా వచ్చేవి, గిట్టలు రావు.

ఒకసారి వచ్చి వెళ్లు. వందే భారత్‌లో నాలుగున్నర గంటలు, మా ఫ్యాక్టరీ బండే, కిటికీ పక్క సీటు తీసుకో, ఎండ పడని వైపు చూసుకో. శని ఆదివారాలు టికెట్లు దొరకవు, వారం మధ్యలో అయితే సులువు. నీకెప్పుడు వీలైతే అప్పుడు, ఎన్నాళ్లుంటావని నేనడగను, మీ అమ్మని అడగనివ్వను. గోంగూర పచ్చడి పెట్టింది, ఆవకాయ ఇంకా కలపలేదు, నువ్వొస్తే కలుపుతుందట. వచ్చేటప్పుడు నీ పాత స్వెటర్ ఏదైనా ఉంటే పట్టుకురా. కలానికి ఉన్ని అయిపోయింది, మామి తన కలానికి కూడా నాదే పీక్కుంది, చెన్నైలో ఎవరింట్లో వెతికినా ఉన్ని దొరకదు. సింథటిక్ వద్దు, రంగు పీల్చదు. లేబుల్ చూసి తీసుకురా, చూడటం రాకపోతే ఫోన్ చేసి అడుగు.

నాన్న