టాపెట్ సప్పుడు పోతే బండి బాగైనట్టు కాదు

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరాయంటే మా నల్గొండ, దేవరకొండ వైపు మెకానిక్ షెడ్ల ముందు హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పిన బైకులు కనిపిస్తాయి. నాలుగు వాల్వుల (గాలి, పెట్రోల్ లోపలికి, పొగ బయటికి వదిలే మూతల) బండి అయితే చాలు, ఇంజనే వీక్ అని తేల్చేస్తారు. నాకైతే ఇంజన్ కంటే మన రిపేర్ పద్ధతి మీదే అనుమానం.

గాలికి చల్లబడే ఇంజన్‌లో నాలుగు వాల్వులు పెడితే పికప్ బాగుంటుంది, నిజమే. కానీ పొగ బయటికి వదిలే రెండు ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే, నడుమ స్పార్క్ ప్లగ్, మిగిలిన లోహం సన్నం. వేడి ఎక్కువ ఉండేది అక్కడే, బయటి గాలి అందనిదీ అక్కడే. అందుకే సుజుకి 1985లోనే జీఎస్ఎక్స్-ఆర్750 బైకు హెడ్‌కు ఆయిల్ చిమ్మించి చల్లబరిచింది, ఇప్పుడు మనవాళ్లు నడిపే అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీకి కూడా ఆయిల్ కూలర్ ఉంది. ఆ కూలర్‌కైనా గాలి తగలాలి కదా! స్కూటర్ ఇంజన్‌కు ఫ్యాన్ ఉంటుంది, ఇలాంటి బైకులకు ఉండదు. మిట్టమధ్యాహ్నం ర్యాలీ అని ఫస్ట్ గేర్‌లో ఊరంతా తిప్పి, ఫిన్స్‌లో (ఇంజన్ చుట్టూ ఉండే రెక్కల సందుల్లో) ఎర్రమట్టి గట్టిపడినా కడగకపోతే ఏ ఇంజన్ తట్టుకుంటుంది?

దీనికి తోడు టాపెట్ గోల. టాపెట్ అంటే వాల్వును నొక్కే భాగం, దానికీ వాల్వుకూ నడుమ సన్నని గ్యాప్ ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడిలో ఎక్కువ భాగం అది సీటు (హెడ్‌లో వాల్వు ఆనే అంచు) మీద కూర్చున్నప్పుడే హెడ్‌లోకి దిగుతుంది. గ్యాప్ మరీ తగ్గిస్తే వాల్వు పూర్తిగా కూర్చోదు, వేడి దిగదు, అంచు కాలిపోయి కంప్రెషన్ పడిపోతుంది. మనమేమో "సౌండ్ వస్తుందన్నా, జర టైట్ చెయ్" అంటాం, ఆయన ఇంజన్ చల్లారకముందే, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) పెట్టకుండా చేతి అంచనాతో బిగిస్తాడు. సప్పుడు పోయింది కాబట్టి మనకు ఖుషీ. మెకానిక్‌ను మాత్రం ఏమంటాం, పెద్ద మెకానిక్ పక్కన నిలబడి రెండు వాల్వుల బండ్ల మీద నేర్చుకున్న పని అది, ఆ తర్వాత ఆయనకు కొత్తగా నేర్పినవాళ్లు లేరు.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోలు, ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్పుతారట, సంతోషం. అదే వర్క్‌షాప్‌లో సాయంత్రాలు రోడ్డు పక్క మెకానిక్‌లకు నాలుగు వాల్వుల హెడ్ విప్పి చూపించి, గేజ్ పట్టడం నేర్పితే మా జిల్లాకు వెంటనే పనికొస్తుంది. బైక్ కంపెనీలు కూడా తమ మోడళ్ల టాపెట్ గ్యాప్ అంకెలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి షెడ్లకు పంచాలి, అదీ మార్చిలోపే.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా