లైసెన్సు తుపాకీ: ఖాళీ చేయడం వచ్చిందే కొనండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆత్మరక్షణ ఆయుధాల మీద వచ్చిన వ్యాసం చదివాను. రివాల్వర్ (తూటాల గదులున్న చక్రం తిరిగేది) పాతకాలపు సరుకనీ, ఆరు తూటాల కంటే ఎనిమిది నయమనీ, వెంట ఉంచుకోవడానికి సెమీ ఆటోమేటిక్ పిస్టలే (పిడిలోని మ్యాగజైన్ అనే పెట్టెలోంచి తూటాలు ఒక్కొక్కటే ఎక్కేది) మేలనీ తేల్చేశారు. నేను గుంటూరు జిల్లా పోలీసు ఏఆర్‌ (ఆర్మ్‌డ్ రిజర్వ్)లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల సంరక్షణ చూసేవాడిగా చేసి రిటైరైన వాణ్ణి. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాగారంలో, ఆయుధాలు విప్పడం, తుడవడం, బిగించడమే నా ఉద్యోగం. ఇప్పటికీ ఎవరికైనా లైసెన్సు వస్తే "రివాల్వరా, పిస్టలా బాబాయ్ గారూ?" అని మా ఇంటికొచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను.

మన దగ్గర లైసెన్సులున్నది ఎవరికి? మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, బంగారం కొట్ల వాళ్లకు, ఫైనాన్స్ నడిపేవాళ్లకు, కొందరు నాయకులకు. వీళ్లలో చాలామంది తుపాకీ కొన్నాక మళ్లీ పేల్చి ఎరగరు. తప్పుపట్టను. తూటాలు ఖరీదు, అవీ లైసెన్సులో రాసిన లెక్క ప్రకారమే ఇస్తారు, కాల్చి చూసుకుందామంటే రేంజి దగ్గర్లో ఉండదు. కానీ అదే మనిషి పొద్దున్నే నడుముకు పెట్టుకుంటాడు, గుడికెళ్లేముందు తీస్తాడు, రాత్రి బీరువాలో దాస్తాడు. కొందరు తీసి డ్రైవరు చేతికిస్తారు, అది చట్టం ఒప్పుకోని పని. మొత్తానికి తుపాకీతో ఆయనకుండే పనంతా ఈ తీయడం, పెట్టడమే. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

2019 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయించారు. సాయంగా నన్నొక స్టేషన్‌కు పంపారు. యార్డులో పేరున్న ఓ పెద్దమనిషి వచ్చి, చొక్కా కింద నుంచి పాయింట్ 32 (గొట్టం కొలత, అంగుళాల్లో) పిస్టల్ తీసి, మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టి, "ఖాళీయే సార్, రాసుకోండి" అన్నారు. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ నంబరు చూడటానికి దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. గొట్టం సరిగ్గా అతని పొట్టకు ఎదురుగా ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టి, పిస్టల్ తీసుకుని, గోడవైపు తిప్పి స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాను. చాంబర్‌లోంచి (గొట్టం వెనక తూటా కూర్చునే గది) తూటా ఎగిరి రిజిస్టర్ మీద పడి, దొర్లుకుంటూ పోయి ఇంకు ప్యాడ్‌కు తగిలి ఆగింది. పెద్దాయనకు చెమటలు పట్టాయి. ఆయన అబద్ధమాడలేదు. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టేనని నిజంగానే నమ్మారు.

మ్యాగజైన్ తీసినా చాంబర్‌లో ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా దాన్ని పేలుస్తాయి. అందుకే ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, చాంబర్‌లోకి కళ్లతో చూడాలి, చీకటైతే వేలు పెట్టి తడమాలి. వరస తిరగబడి ముందు స్లైడ్ లాగారనుకోండి, ఒక తూటా బయట పడుతుంది, దాని వెనకే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కుతుంది. ఇప్పుడు మ్యాగజైన్ తీసి "అమ్మయ్య" అనుకుంటారు. కానిస్టేబుళ్లకు "ఖాలీ కర్" అనగానే చేతులు వాటంతటవే ఆ వరసలో కదిలేదాకా నేర్పుతాం. వ్యాపారులకు అది ఎవరు నేర్పుతారు?

రివాల్వర్‌తో ఈ బాధ లేదు. కాన్పూర్ ఫ్యాక్టరీ పాత పాయింట్ 32 అయితే లాచ్ నొక్కి గొట్టం కిందికి వంచగానే ఆరు గదులూ కనబడతాయి, తూటాలు పైకి లేస్తాయి. 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్ అయితే సిలిండర్ (తూటాల చక్రం) పక్కకు తెరుచుకుంటుంది. ఉన్నాయో లేవో కళ్లజోడు పెట్టుకున్న ఇల్లాలు కూడా చెప్పగలదు.

తూటా పేలకపోతే? రివాల్వర్‌కు ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే పక్క తూటా వస్తుంది. పిస్టల్‌కు రెండో చెయ్యి కావాలి, స్లైడ్ లాగాలి, ఆ టెన్షన్‌లో అది గుర్తు రావాలి. చిన్న పిస్టల్ ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు తేలికని వ్యాసంలో రాశారు. జేబులో పెట్టుకోవడానికి తేలికే. కానీ పాయింట్ 32 చిన్న పిస్టళ్లలో చాలావాటికి తూటా పేలినప్పుడు స్లైడ్‌ను పట్టి ఉంచే లాకు ఉండదు, స్లైడ్ బరువూ స్ప్రింగూ ఆ పని చేయాలి. అందుకే స్ప్రింగు గట్టిగా ఉంటుంది. కీళ్లనొప్పుల చేతులతో లాగి చూడండి, తెలుస్తుంది.

యార్డు వాళ్లకు ఇంకో మాట. సీజన్లో అక్కడ గాలి నిండా మిరప ధూళే. నూనె ఎక్కువ పూసిన పిస్టల్‌ను చెమట పట్టిన నడుముకు కట్టుకుని అక్కడ తిరిగితే, సాయంత్రానికి స్లైడ్ పట్టాల్లో ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. విప్పి తుడిచేటప్పుడు నేను కూడా తుమ్మేవాణ్ణి. రివాల్వర్‌కూ ఆ బెడద తప్పదు. తూటాలను పైకి నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క కింద చెత్త చేరితే సిలిండర్ తిరగనని మొరాయిస్తుంది. కాకపోతే పాత టూత్‌బ్రష్‌తో పోతుంది.

రివాల్వర్‌లో లోపాలు లేవనను. సిలిండర్ లావు వల్ల చొక్కా కింద ఉబ్బుతుంది. ప్రబల్ తూటాలు లేకుండానే 700 గ్రాములు. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలోనే, కానీ ధర అప్పట్లోనే 1.22 లక్షలు. ట్రిగ్గర్ బరువు, అలవాటు లేనివాడి గురి తప్పుతుంది. సుత్తి (తూటాను కొట్టి పేల్చే వెనక ముక్క) వెనక్కి లాగి కాల్చుకోవచ్చంటారు. లాగినదాన్ని కాల్చకుండా మెల్లగా దించడం మాత్రం ఇంట్లో ప్రయత్నించే పని కాదు. సుత్తికి అడ్డు లేని పాత రివాల్వర్లు కింద పడినా పేలొచ్చు కాబట్టి, సుత్తి ఎదుట గది ఖాళీగా ఉంచుకోవాలి. పాయింట్ 32 అని రాసి ఉంది కదా అని పిస్టల్ తూటా రివాల్వర్‌లో వాడకండి. రెండూ వేరు, పిస్టల్ తూటా ఒత్తిడి ఎక్కువ.

వ్యాసంలో పొగిడిన 9 ఎంఎం పిస్టళ్లు మనలాంటి పౌరులకు దొరకవు, అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన సైజు. ఎనిమిది తూటాల వాదన కూడా నాకు రుచించలేదు. ఆత్మరక్షణలోనైనా అవసరానికి మించి హాని చేసే హక్కు భారతీయ న్యాయ సంహిత ఎవరికీ ఇవ్వలేదు. కాల్చిన ప్రతి తూటాకూ కోర్టులో జవాబు చెప్పుకోవాలి.

క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్లుంటే పిస్టల్ నిక్షేపంగా కొనుక్కోవచ్చు, పలచగా ఉంటుంది, తొందరగా నిండుతుంది. మిగతా అందరికీ నా ఓటు రివాల్వర్‌కే.

మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. రెన్యువల్‌కు వచ్చినప్పుడు విజయవాడలో పోలీస్ కమిషనర్, గుంటూరులో కలెక్టర్ ఒక ఆర్మరర్‌ను కూర్చోబెట్టి, లైసెన్సుదారు చేత డమ్మీ తూటాలతో ఆయుధం నింపించి, ఖాళీ చేయించి చూడాలి. మనిషికి పది నిమిషాలు కూడా పట్టదు. రానివాళ్లకు అక్కడే నేర్పి పంపొచ్చు.

ఇంకొకటి. వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో ఆ కుర్రాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఈసారి వేలు బయటికి చాపి పట్టుకున్న ఫొటో వెతికి వేయండి.

ఇట్లు,
విశ్రాంత ఏఆర్ ఆర్మరర్,
పట్టాభిపురం, గుంటూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)