చంటోని కడుపునొప్పి గురించి

బిడ్డా,

పక్కింటి పిల్లగానికి అపెండిక్స్ ఆపరేషన్ అయిందని విన్నకాడి నుంచి నీకు గుబులు పట్టుకున్నది. మన 8 నెలల చంటోనికి కూడ 24 గంటల నొప్పి, అంటే పెద్దపేగు మొదట్ల తోక లెక్క ఉండే అపెండిక్స్ వాచుడు, వస్తదా అని అడుగుతున్నవు. ఏఎన్ఎంగ దేవరకొండ దిక్కు ఊర్లన్ని తిరిగినదాన్ని, తెలిసింది రాస్తున్న.

ఏడాది లోపు పిల్లలకు ఇది చానా అరుదు. ఎక్కువగ 10 నుంచి 20 ఏండ్ల మధ్యల వస్తది. చంటిపిల్లల అపెండిక్స్ మొదలు గరాటు లెక్క వెడల్పుగ ఉంటది, లోపల ఏదీ తొందరగ ఇరుక్కోదు. తినేది కూడ పాలు, మెత్తటి బువ్వే కదా.

వచ్చిన ఆ కొద్దిమందిల నెలలు నిండక పుట్టినోళ్లు కొందరు. పుట్టి రెండు రోజులైనా నల్ల దొడ్డి కానోళ్లకు, పెద్దపేగు కొసల నరాలు ఎదగని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు ఉండొచ్చు, దానితోని ఇది కూడ రావచ్చు. గజ్జల్ల హెర్నియా ఉంటే అపెండిక్స్ అందులకు జారొచ్చు. 1735ల లండన్ల అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏండ్ల పిల్లగాని హెర్నియాల అపెండిక్స్ చూసి తీసేసిండు. ఆ పిల్లగాడు మింగిన గుండుసూది దానికి గుచ్చుకున్నదట. అందుకే సూదులు, పిన్నులు వాని చేతికి అందనియ్యకు. మనోడు నెలలు నిండి పుట్టిండు, మొదటి రోజే దొడ్డికి పోయిండు. ఏడ్చినప్పుడు గజ్జల్ల ఉబ్బు కనపడుతదేమో మాత్రం నీళ్లు పోసేటప్పుడు చూడు.

నా భయమంత వేరే కాడ ఉన్నది. నొప్పి ఎక్కడని వాడు చెప్పలేడు. జ్వరం, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు అయితే అందరం అజీర్తే అనుకుంటం. ఇంతట్ల లోపల పగుల్తది. ఆ వయసుల అపెండిక్స్ గోడ పలచన, చీమును అడ్డుకునే కొవ్వుపొర ఇంకా ఎదిగి ఉండదు, కడుపంత పరుచుకుంటది.

మన నల్గొండ, పాలమూరు ఒకప్పుడు ఆముదం బాగ పండిన నేల, ఇంటింటికి సీసా ఉంటది. కడుపు ఉబ్బితే పట్టుడు పెద్దోళ్ల అలవాటు. మీ అత్తమ్మ ప్రేమతోనే పడుతది, కాని నా మాటగ చెప్పు: కడుపు నొప్పి ఎందుకో తెల్వకుండ ఆముదం వద్దు, వాతలు అసలే వద్దు. కడుపు గట్టిపడి ఉబ్బినా, ముట్టుకుంటే ఏడ్చినా, ఆకుపచ్చ వాంతి అయినా, పాలు ముట్టకున్నా, అర్ధరాత్రైనా 108కి ఫోన్ చెయ్యి. నల్గొండ పెద్దాసుపత్రిల చూపెట్టు. పిల్లల సర్జన్ కావాలంటే హైదరాబాదుకు పంపుతరు, బండి దొరకలేదని తెల్లారేదాక ఆగొద్దు.

వాని పుట్టినప్పటి కాగితాలు, టీకాల కార్డు ఒక్క సంచిల పెట్టుకో. డాక్టర్లు మొదలు అవే అడుగుతరు.

మీ అమ్మ