హస్తకళల బృందం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

హనోయ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల సంఘంలో హస్తకళల బృందం 2025లో ఏమేం చేసిందో చెప్పే నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు అందరికీ విడిగా పంపారు కాబట్టి డబ్బు లెక్కలు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. పని సంగతులే రాస్తాను.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక మాట అనుకున్నాం. ఇన్నాళ్లూ చేతిపనుల ఊళ్లకు వెళ్లామంటే ఇండియాకు పట్టుకెళ్లే కానుకల కోసమే. ఈసారి తయారైన బొమ్మ, గిన్నె, టోపీ కాకుండా ముడిసరుకు కొందాం, చేసేవాళ్ల పక్కన కూర్చుని మన చేత్తో చేసి చూద్దాం అని తీర్మానించాం. దీనికి కారణం ఉంది. అచ్చు బొమ్మ కొనేవాళ్లు టూరిస్టుల్లో ఎప్పుడూ ఉంటారు. ఆ బొమ్మకు కావాల్సిన కాగితం తయారుచేసేవాళ్లకు, ఆకు ఎండబెట్టేవాళ్లకు, చెట్టు గీసి జిగురు తీసేవాళ్లకు మాత్రం గిరాకీ తగ్గిపోతోంది. వాళ్లు పని మానేస్తే పైన కనిపించే కళ కూడా ఎక్కువ కాలం నిలవదు. అందుకే ఈ ఏడాది మన కొనుగోళ్లలో ఎక్కువ భాగం వాళ్ల దగ్గరే జరగాలని పట్టుబట్టాం.

డోంగ్ హో: కాగితం, చిప్పపొడి, బీరపీచు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇచ్చింది డోంగ్ హోకే. హనోయ్ నుంచి 35 కిలోమీటర్లు, బాక్ నిన్ రాష్ట్రంలో డువోంగ్ నది ఒడ్డున ఉన్న ఊరు. చెక్క అచ్చులతో వేసే బొమ్మలకు పేరు. ఎలుకల పెళ్లి ఊరేగింపు, పిల్లలతో ఉన్న పంది, కోడి-పిల్లలు, కొబ్బరికాయలు పట్టుకునే జంట లాంటి బొమ్మలను తేత్ (ఇక్కడి కొత్త సంవత్సరం) పండగకు ముందు కొని గోడకు అంటించుకోవడం ఉత్తర వియత్నాంలో పాత ఆచారం. ఎలుకల పెళ్లి బొమ్మ చూడండి: పెళ్లివారంతా ఎలుకలే, పైన పెద్ద పిల్లి కూర్చుని ఉంటుంది, దానికి ఒక ఎలుక పక్షిని, మరొకటి చేపను లంచంగా సమర్పిస్తుంటాయి. మన పిల్లలకు ఏ వివరణా అక్కర్లేకపోయింది, చూడగానే నవ్వారు.

కాగితం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కొండ ప్రాంతాల్లో పెరిగే జో అనే చెట్టు బెరడును సున్నపు నీళ్లలో నానబెట్టి, ఉడికించి, దంచి, ఆ గుజ్జుతో ఒక్కొక్క షీటునూ చేత్తో తీస్తారు. ఆ కాగితం మీద సముద్రపు చిప్పలను దంచిన పొడిని జిగట బియ్యపు గంజిలో కలిపి పూస్తారు. పూసే బ్రష్ పైన్ చెట్టు ఆకుల సూదులతో కట్టింది కాబట్టి సన్నటి చారలు పడతాయి. ఆరాక కాగితాన్ని వెలుతురుకు పెడితే చిప్పపొడి తళతళమంటుంది. ఫోటోలో ఆ మెరుపు రాదు, మన గ్రూపులో పెట్టిన ఫోటోలు చూసి దాన్ని అంచనా వేయకండి.

రంగులన్నీ చుట్టుపక్కల దొరికేవే. నలుపు వెదురు ఆకుల బూడిద నుంచి, ఎరుపు ఒక రకం ఎర్ర రాయి నుంచి, పసుపు హోయె అనే చెట్టు పూల నుంచి. ఇక్కడివాళ్లు ఆ పూలను టీలా కాచుకుని తాగుతారు కూడా. నీలం నీలిమందు ఆకుది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ఉంటుంది. అచ్చును రంగులో అద్ది కాగితం మీద బలంగా నొక్కి, కాగితంతో సహా వెల్లకిలా తిప్పి, వెనకవైపు ఎండు బీరకాయ పీచుతో రుద్దుతారు. నల్ల గీతల అచ్చు అన్నిటికన్నా చివర పడుతుంది, అది పడిన క్షణంలోనే బొమ్మకు ప్రాణం వస్తుంది. పీచుతో రుద్దేటప్పుడు చెయ్యి సమంగా పడకపోతే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా వస్తుంది. మనలో చాలామందికి అలాగే వచ్చింది. అయినా ఎవరి బొమ్మ వాళ్లు భద్రంగా ఇంటికి పట్టుకెళ్లారు.

సిద్దిపేట నుంచి వచ్చిన మన సభ్యురాలొకరు చేర్యాల నకాషీ బొమ్మలు దగ్గరగా చూసి పెరిగినవారు. ఖద్దరు గుడ్డ మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి బొమ్మ కోసం దాన్ని ఎలా సిద్ధం చేస్తారో ఆవిడ అక్కడి కళాకారులకు ఫోన్లో వీడియోలు చూపించారు. ఇద్దరికీ భాష కలవకపోయినా ఆ గంటసేపు దుభాషి అవసరం పెద్దగా పడలేదు. ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చిన సందర్భం అదే.

ఒకప్పుడు ఊరంతా చేసిన ఈ పని ఇప్పుడు కొద్ది కుటుంబాల చేతిలోనే ఉంది. గుయెన్ డాంగ్ చే కుటుంబం లాంటివాళ్లు పాత అచ్చులను సేకరించి కాపాడుతున్నారు. మిగతా ఊరిలో ఎక్కువమంది పితృదేవతలకు కాల్చే కాగితపు వస్తువుల తయారీకి మారిపోయారు. డిసెంబర్‌లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశాల్లో డోంగ్ హో అచ్చు బొమ్మల కళను అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వ జాబితాలో చేర్చారు. అదే సమావేశాల్లో మన దీపావళికి కూడా యునెస్కో జాబితాలో చోటు దక్కింది. ఆ వారం మన గ్రూపులో రెండు శుభవార్తలూ పక్కపక్కనే పడ్డాయి.

చువోంగ్ సంతకు పంచాంగం

వియత్నాం అనగానే గుర్తొచ్చే కోసు టోపీ, నోన్, ఎక్కువగా తయారయ్యే ఊళ్లలో చువోంగ్ ఒకటి. హనోయ్‌కి దక్షిణంగా థాన్ ఓయ్ ప్రాంతంలో ఉంది. అక్కడి టోపీల సంత చాంద్రమానం ప్రకారం 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో జరుగుతుంది. ఇక్కడి నెల కూడా మనలాగే అమావాస్య దగ్గరే మొదలవుతుంది కాబట్టి మన పంచాంగం చాలు: శుద్ధ చవితి, దశమి, చతుర్దశి, బహుళ పంచమి... ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, బయల్దేరే ముందు ఇక్కడి క్యాలెండర్ ఒకసారి చూసుకోండి. తెల్లవారుజామునే వెళ్లాలి. ఎనిమిది దాటితే సంత పలచబడిపోతుంది.

తయారైన టోపీలతో పాటు ఆ సంతలో టోపీకి కావాల్సిన సరుకంతా దొరుకుతుంది. ఎండిన ఆకుల కట్టలు, వెదురు పొరలు, సన్నగా చెక్కి గుండ్రంగా వంచిన వెదురు రింగులు, కుట్టే దారం, చెక్క చట్రాలు విడివిడిగా అమ్ముతారు. ఒక టోపీకి 16 రింగులు. ఆకును వేడి ఇనుప పలక మీద గుడ్డ ఉండతో లాగి ఇస్త్రీ చేస్తారు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే ముడతలు పోవు. లోపల ఒక వరుస ఆకు, మధ్యలో వెదురు పొర, పైన మరో వరుస ఆకు పరిచి, రింగు రింగుకూ కుట్టుకుంటూ వస్తారు. కుట్టు బయటికి కనిపించకుండా ముడులు లోపలికి దాచడంలోనే పనితనమంతా ఉంది.

అక్కడ మాకు నేర్పిన పెద్దావిడను అందరం బా అనే పిలిచాం, ఇక్కడ మామ్మ వరస వాళ్లను అలాగే పిలుస్తారు. ఆవిడ మాట్లాడుతూనే, చేతివైపు చూడకుండానే కుడుతున్నారు. అంత పనిచేసే టోపీకి సంతలో వచ్చే డబ్బు చాలా తక్కువ. దయచేసి ఆ సంతలో బేరం ఆడకండి. ఒక రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. పది వేల డాంగ్‌లు తగ్గించామని సంతోషపడితే మనకు మిగిలేది ముప్పై చిల్లర రూపాయలు. ఆ మామ్మకు అది కూలి.

సోన్ పనితో జాగ్రత్త

లాకర్ పని, అంటే చెట్టు పాలు పొరలు పొరలుగా పూసి మెరుపు తెచ్చే పని, ఇక్కడి మాటలో సోన్ మాయ్, హా థాయ్ గ్రామంలో చూశాం. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది, తిరిగే కర్రకు ఒత్తితే రాపిడి వేడికి కరిగి పడుతుంది. ఇక్కడిది చెట్టు పాలు. ఫూ థో కొండల్లో సోన్ చెట్లను గీసి తీస్తారు. ఆ పాలను ఇనుప కడ్డీతో గంటల తరబడి కలిపితే నిగనిగలాడే నలుపు వస్తుంది, ఇనుము తగలకుండా కలిపితే గోధుమ రంగు. ఇది ఎండలో ఆరదు. తేమగా ఉన్న గదిలో పెడితేనే గట్టిపడుతుంది. పొర వేయడం, ఆరబెట్టడం, నీళ్లు పోస్తూ నూరడం, మళ్లీ పొర... ఒక పలక పూర్తికావడానికి నెలలు పడుతుంది. ఈ పని పెట్టెలు, పూజా సామగ్రి దాటి పెయింటింగ్‌గా మారింది 1925లో హనోయ్‌లో తరగతులు మొదలైన ఇండోచైనా ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థుల చేతుల్లోనే. ఆ కాలేజీకి ఈ ఏడాదితో నూరేళ్లు.

మేం నేర్చుకున్నది గుడ్డు పెంకు పొదగడం వరకే. పెంకు లోపలి పొర ఒలిచి, తడి సోన్ మీద పెట్టి, వేలితో మెల్లగా నొక్కితే సన్నగా పగుళ్లిస్తుంది. తెలుపు రంగు ఈ పనిలో పెంకుతోనే వస్తుంది. ముక్కల మధ్య సందులు ఎంత సమంగా ఉంటే బొమ్మ అంత బావుంటుంది.

ఇక జాగ్రత్త. సోన్ చెట్టు జీడి, మామిడి కుటుంబానిది. పచ్చి సోన్ తగిలితే కొందరికి జీడి అంటినట్టే ఒళ్లు పొక్కుతుంది. మన సభ్యుల్లో ఒకరికి రెండు చేతులూ వాచి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, ఇంట్లోవాళ్లు చాలా టెన్షన్ పడ్డారు. ఇప్పుడు పూర్తిగా తగ్గింది. ఇకపై గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా లేనివాళ్లను, ఎలర్జీ ఉన్నవాళ్లను, పిల్లలను ఈ వర్క్‌షాపుకు తీసుకెళ్లకూడదని నిర్ణయించాం.

కొనేటప్పుడు ఇంకో సంగతి. టూరిస్టు దుకాణాల్లో చవగ్గా దొరికే మెరుపు గిన్నెల్లో చాలావాటికి వేసేది రసాయనాలతో చేసిన పెయింట్. అవి చెడ్డ వస్తువులని కాదు, నెలల పని అని చెప్పి అమ్మితేనే తప్పు. మేం వెళ్లిన ఒక దుకాణంలో అలాగే చెప్పారు. అసలుదానికి ధర ఎక్కువ, రంగు లోతుగా ఉంటుంది, ఏ పదార్థం అని అడిగితే చేసినవాళ్లు వివరంగా చెబుతారు.

సిటీలో సరుకు ఎక్కడ

ఊళ్లకు వెళ్లలేనివాళ్లు అడిగారు కాబట్టి రాస్తున్నాను. పాత హనోయ్‌లో ఒక్కో వీధి ఒక్కో సరుకుది. సూదులు, దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు కావాలంటే హాంగ్ బో. రంగు కాగితాలు, లాంతర్లు, పండగ అలంకరణకు హాంగ్ మా. పట్టు దుకాణాలు హాంగ్ గాయ్‌లో ఉంటాయి కానీ ధరలు ఎక్కువ. మీటర్ల లెక్కన గుడ్డ కావాలంటే హోమ్ మార్కెట్, ఇంకా టోకున కావాలంటే సిటీ బయట నిన్ హియెప్. బ్రష్షులు, రంగులకు యెట్ కియెవ్ వీధిలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ చుట్టుపక్కల చూడండి.

పొద్దున్నే వెళ్లి, బేరమాడి, ఏమీ కొనకుండా వచ్చేయకండి. ఇక్కడా బోణీ పట్టింపు గట్టిది. మొదటి గిరాకీ చేయి మంచిదైతే రోజంతా బావుంటుందని నమ్ముతారు. కొనే ఉద్దేశం లేకపోతే పది దాటాక వెళ్లండి.

పట్టు కోసం వాన్ ఫుక్ వెళ్లాం. హా డోంగ్‌లో ఉన్న పాత నేత ఊరు, నేతలోనే మబ్బుల డిజైన్ వచ్చే పట్టుకు ప్రసిద్ధి. పోచంపల్లి, ధర్మవరం చీరలు తెలిసిన మన ఆడవాళ్లను అక్కడ ఎవరూ మోసం చేయలేరు. అయినా అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూడండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

బాట్ చాంగ్ కుండల ఊరు అందరికీ తెలిసిందే, లాంగ్ బియెన్ నుంచి 47ఎ బస్సు ఎక్కితే చాలు. ఒకప్పుడు కొలిమి కోసం బొగ్గు ముద్దలను మన పిడకల్లాగే ఇంటి గోడలకు కొట్టి ఆరబెట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా గ్యాస్ కొలుములే, ఊరి గాలి బాగుపడింది. ఫిబ్రవరిలో బాట్ చాంగ్, వాన్ ఫుక్ రెండూ ప్రపంచ హస్తకళల నగరాల జాబితాలో చేరాయి. పిల్లలు పచ్చి గిన్నెల మీద రంగులు వేశారు, గ్లేజు వేసి కాల్చి ఇంటికి పంపారు.

పిల్లల కార్యక్రమం, దీపావళి

సెప్టెంబర్ చివరి వానలకు హనోయ్ వీధులు మునగడంతో శరత్కాల పున్నమి పండగ వర్క్‌షాపు హడావిడిగానే జరిగింది. సువాన్ లా గ్రామం నుంచి వచ్చిన కళాకారుడు రంగులు కలిపిన బియ్యప్పిండి ముద్దతో పుల్లల మీద తో హే బొమ్మలు చేశారు. పులి, డ్రాగన్ చేసి చూపించాక మన పిల్లలు వినాయకుణ్ని అడిగారు. ఫోన్లో బొమ్మ చూసి తొండం ఎటు తిరగాలో అడిగి మరీ చేసిచ్చారు.

దీపావళికి సభ్యులు చేసిన వస్తువులన్నీ ప్రదర్శనకు పెట్టాం. అమ్మకాలు పెట్టలేదు. వచ్చిన వియత్నాం స్నేహితులు ఎక్కువసేపు నిలబడింది మన కలంకారీ దుప్పట్టా దగ్గర. కరక్కాయ, పాలు, బెల్లంతో పులియబెట్టిన ఇనుప తుక్కు గురించి ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు.

2026లో ఏం చేయాలి

ఇప్పుడు ఖాన్ హోవా రాష్ట్రంలో కలిసిపోయిన పాత నిన్ థువాన్ వైపు, చామ్ జాతి మహిళలు చక్రం లేకుండా కుండ చుట్టూ తామే తిరుగుతూ కుండలు చేసే బావ్ చుక్ గ్రామానికి వెళ్లాలని ప్రతిపాదన వచ్చింది. ఆ కళ 2022లోనే యునెస్కో అత్యవసర జాబితాకు ఎక్కింది. విమానం ఖర్చు ఉంటుంది కాబట్టి సర్వసభ్య సమావేశంలో ఓటు పెడతాం. కియెవ్ కీలో బంగారు రేకులు కొట్టే ఇళ్లకు, క్వాట్ డోంగ్ ఎంబ్రాయిడరీ ఊరికి మాత్రం తేత్ తర్వాత తప్పకుండా వెళ్తున్నాం.

జో కాగితం ఉమ్మడిగా ఆర్డర్ పెడుతున్నాం. విడిగా నాలుగైదు షీట్లు అడిగితే చేసేవాళ్లకు గిట్టుబాటు కాదు, అందరం కలిపి అడిగితే వాళ్లకు ముందే పని దొరుకుతుంది. ఎన్ని షీట్లు కావాలో, ఏ సైజో తేత్ సెలవుల లోపు బృందం సమన్వయకర్తకు చెప్పండి. సగం డబ్బు అడ్వాన్సుగా ఇవ్వాలి, ఆ మొత్తం నేరుగా కాగితం చేసేవాళ్లకే వెళ్తుంది.